సైకిల్ డిస్క్ బ్రేకులో ఎయిర్ పడితే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గేరు సైకిళ్లకు ఉండే, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకుల గురించి ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను ఒక చోట చేర్చాం.

ప్రశ్న: నా మౌంటెన్ సైకిల్‌కు షిమానో ఎంటీ200 హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉన్నాయి. మన్ననూరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు సైకిల్‌ను తలకిందులుగా కారు మీద కట్టి తెచ్చాం. ఇంటికి వచ్చి చూస్తే వెనుక బ్రేక్ లివర్ మెత్తగా అయిపోయి, హ్యాండిల్ గ్రిప్‌కు తగిలేదాకా వస్తున్నది. మా వీధిలోని మోటార్‌సైకిల్ మెకానిక్ ‘ఎయిర్ పట్టింది సార్, డాట్ ఫోర్ పోసి తీసేస్తా, పది నిమిషాల పని’ అంటున్నాడు. పోయించవచ్చా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: పోయించకండి. ఎయిర్ పట్టిందన్న మాట బహుశా నిజమే. మోటార్‌సైకిళ్లకు మీ మెకానిక్ రోజూ చేసే పని అదే, వాటిలో పోయవలసిన బ్రేక్ ఆయిల్ కూడా అదే కనుక ఆయన సలహాలో దురుద్దేశం ఏమీ లేదు. కాని షిమానో సైకిల్ బ్రేకులు మినరల్ ఆయిల్‌తో పనిచేసేలా తయారైనవి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అనేవి గ్లైకాల్ ఈథర్ జాతికి చెందిన ద్రవాలు. మినరల్ ఆయిల్ పెట్రోలియం నుంచి వచ్చేది. ఒకదాన్ని తట్టుకునే రబ్బరు సీలు రెండవదాన్ని తట్టుకోలేదు. మినరల్ ఆయిల్ కోసం చేసిన సీళ్లకు డాట్ ద్రవం తగిలితే అవి క్రమంగా ఉబ్బి, మెత్తబడి, తమ గాడిలో బిగుసుకుపోతాయి. ఆ తరువాత పిస్టన్ వెనక్కి రాక చక్రం పట్టేస్తుంది, లేదా సీలు పక్క నుంచి ద్రవం కారుతుంది. పోసిన రోజు మాత్రం బ్రేక్ చక్కగా పడుతుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సీళ్లు పాడయ్యాక వాటిని మాత్రమే మార్చుకుందామంటే షిమానో లోపలి సీళ్లను విడిగా అమ్మదు; లివరో, చక్రం దగ్గర ప్యాడ్లను నొక్కే క్యాలిపరో, ఒక్కోసారి రెండూ కొత్తవి కొనవలసి వస్తుంది.

ఏ బ్రేకుకు ఏ నూనె అన్నది సాధారణంగా లివర్ మూత మీదనో, లివర్ ఒంటి మీదనో ముద్రించి ఉంటుంది. షిమానో, టెక్ట్రో, మగురా మినరల్ ఆయిల్ వాడతాయి. హోప్ బ్రేకులకు డాట్ ద్రవం. స్రామ్ వారి చాలా మోడళ్లకు డాట్ 5.1 కాగా, డీబీ8, మేవెన్ మోడళ్లకు మినరల్ ఆయిల్. అందువల్ల కంపెనీ పేరు చూసి ఊరుకోకుండా మోడల్ పేరు కూడా చూసుకోవాలి.

ఇక మీ సైకిల్ సంగతి. లివర్‌లో నూనె నిలవ ఉండే చిన్న గది ఒకటి ఉంటుంది. వాడకంలో అందులో కొద్దిగా గాలి చేరడం మామూలే. సైకిల్ నిటారుగా ఉన్నంతసేపు ఆ గాలి పైననే ఉండి ఏ హానీ చేయదు. తలకిందులు చేసి, కారు కుదుపులలో గంటలకొద్దీ తెచ్చినప్పుడు ఆ బుడగ గది నుంచి పైపులోకి దిగుతుంది. నూనె నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. లివర్ ఒకసారి నొక్కితే కదిలే నూనె చాలా తక్కువ కనుక చిన్న బుడగ కూడా ఆ కదలికను చాలా వరకు మింగేస్తుంది; ప్యాడ్లను తోయడానికి మిగిలేది ఏమీ ఉండదు.

నూనె జోలికి పోకముందు మీరు చేయవలసిన పరీక్ష ఒకటున్నది. సైకిల్‌ను నిటారుగా నిలబెట్టి, లివర్‌ను వెంటవెంటనే ఐదారుసార్లు నొక్కండి. నొక్కిన కొద్దీ గట్టిపడి, కాసేపు వదిలేశాక మళ్లీ మెత్తబడితే ఎయిర్ ఉన్నట్లు. దూరం ఎక్కువ వచ్చినా చివరకు రాయిలా గట్టిగా ఆగితే అది ఎయిర్ కాదు, ప్యాడ్లు అరిగి ఉంటాయి. గట్టిగా నొక్కి పట్టుకున్నప్పుడు లివర్ మెల్లమెల్లగా లోపలికి కుంగుతూ పోతే ఎక్కడో లీకు ఉన్నట్లు. ఎంత ఎయిర్ తీసినా దానికి ఉపయోగం లేదు. మొదటి రకమని తేలితే, లివర్‌ను గ్రిప్‌కు రబ్బరు పట్టీతో నొక్కి కట్టి, సైకిల్‌ను నిటారుగా ఒక రాత్రి ఉంచి చూడండి. సన్నని బుడగలు మెల్లగా పైకి చేరి, తెల్లవారి పట్టీ విప్పగానే నూనె గదిలోకి పోతాయి. చాలామందికి దీనితోనే పని జరుగుతుంది. అయితే ఆ గాలి బయటకు పోలేదు, మళ్లీ పాత చోటికే చేరింది. సైకిల్‌ను మరోసారి తలకిందులు చేస్తే కథ మొదటికి వస్తుంది.

ప్రశ్న: నేను రోజూ పొద్దున లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు తొక్కుతాను. నా బ్రేకులు షిమానోవే. రబ్బరు పట్టీ చిట్కా రెండు రోజులే పనిచేసింది. ఇంటి దగ్గర నేనే బ్లీడింగ్ (నూనెలోని ఎయిర్ తీయడం) చేసుకోవచ్చా? ఏమేం కావాలి? పని వివరంగా రాయగలరు.
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: తప్పక చేసుకోవచ్చు. పని కష్టమైనది కాదు, ఓపిక అడుగుతుంది. తొందరలో ఉన్న రోజు మొదలుపెట్టవద్దు.

కావలసినవి: షిమానో మినరల్ ఆయిల్ (ఒక బ్రేకుకు 50 మిల్లీలీటర్ల సీసా సుమారుగా సరిపోతుంది), లివర్ మీది రంధ్రంలో మరతో బిగిసే ప్లాస్టిక్ కప్పు, ఒక సిరంజి, దానికి పారదర్శకమైన పైపు, 7 మిల్లీమీటర్ల చిన్న రింగు స్పానర్, ఎలన్ కీలు, ప్యాడ్ల స్థానంలో పెట్టే పసుపు రంగు బ్లీడ్ బ్లాక్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత నూలు గుడ్డలు. పైపు విడిగా దొరకకపోతే చేపల తొట్టె దుకాణంలో అమ్మే గాలి పైపును, క్యాలిపర్ మీద పైపు గుచ్చే చిన్న మొన అయిన నిపుల్‌కు బిగువుగా పట్టేది చూసి తీసుకోవచ్చు. మందుల షాపు సిరంజి పనికివస్తుంది గాని, దాని నల్ల రబ్బరు మినరల్ ఆయిల్‌కు ఉబ్బిపోయి మరునాటికి కదలదు. ఒక్కసారి వాడి పారేయండి. కప్పు విషయంలో మాత్రం పొదుపు చేయవద్దు, సరైన మర ఉన్నదే కొనండి. సరిపడని దాన్ని బలవంతంగా తిప్పితే లివర్ మర పోతుంది.

మొదట చక్రం తీసి, దూరంగా మరో గదిలో పెట్టండి. తరువాత ప్యాడ్లు తీసి కాగితంలో చుట్టి అక్కడికే పంపండి. ఈ మాట మీద నేను పట్టుబట్టడానికి కారణముంది: ఈ పనిలో జరిగే నష్టాలలో ఎక్కువ భాగం బ్రేకుకు కాదు, ప్యాడ్లకు జరుగుతాయి. ఒక్క నూనె చుక్క చాలు. క్యాలిపర్‌లోని పిస్టన్లను టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివర్‌తో నిదానంగా, వంకర పోకుండా, పూర్తిగా లోపలికి నెట్టి, మధ్యలో బ్లీడ్ బ్లాక్ పెట్టండి. అది లేకుండా లివర్ నొక్కితే పిస్టన్ బయటకు దూకుతుంది.

ఇప్పుడు సైకిల్‌ను నిలబెట్టే తీరు. క్యాలిపర్ నుంచి లివర్ దాకా పైపు ఎక్కడా కిందికి వంగకుండా ఎక్కుతూ పోవాలి, ఎందుకంటే వంపు ఉన్న చోట బుడగ చిక్కుకుంటుంది. వెనుక బ్రేకుకు ముందు చక్రాన్ని ఇంటి అరుగు మీదికో, మెట్టు మీదికో ఎక్కించి కట్టేస్తే సరిపోతుంది. హ్యాండిల్ మీద లివర్ బోల్టును వదులు చేసి, లివర్ నేలకు సమాంతరంగా ఉండేలా తిప్పండి. పైనున్న చిన్న స్క్రూ తీసి కప్పు బిగించండి. ఆ స్క్రూకు సన్నని రబ్బరు రింగు ఉంటుంది. అది ఎక్కువగా లివర్ రంధ్రం అంచుకే అతుక్కుని ఉండిపోతుంది, లేదా మీకు తెలియకుండా కింద పడి దుమ్ములో కలుస్తుంది. స్క్రూ చేతిలోకి రాగానే రింగు ఉందా లేదా చూసుకోండి.

నేనైతే ముందుగా పై పని మాత్రమే చేసి చూడమంటాను. కప్పులో మూడవ వంతు నూనె పోసి, లివర్‌ను నెమ్మదిగా నొక్కుతూ వదులుతూ ఉండండి. వదిలినప్పుడు రంధ్రం నుంచి ఆవగింజంత బుడగలు లేచి నూనెలో పైకి తేలుతాయి. స్క్రూడ్రైవర్ పిడితో క్యాలిపర్‌ను, పైపును పొడవునా తట్టండి. తట్టినప్పుడల్లా మరికొన్ని వస్తాయి. లివర్‌ను ముందుకు, వెనక్కు సుమారు 30 డిగ్రీల చొప్పున వంచి మళ్లీ నొక్కండి. బుడగలు ఆగిపోయి లివర్ గట్టిపడితే కింది నిపుల్‌ను ముట్టుకోవలసిన అవసరమే లేదు. తలకిందులు కావడం వల్ల పట్టిన ఎయిర్ చాలాసార్లు ఇంతటితో పోతుంది.

పోకపోతే పూర్తి పని చేయాలి. సిరంజిలో నూనె నింపి, ముక్కును పైకి పట్టి అందులోని గాలిని ముందే బయటకు తోసేయండి. నిపుల్ మీద స్పానర్ తొడిగి, ఆపైన పైపు గుచ్చి, నిపుల్‌ను ఒక చుట్టులో ఎనిమిదవ వంతు వదులు చేయండి. సిరంజిని సమంగా నొక్కుతుంటే కింది నుంచి కొత్త నూనె ఎక్కి, పాతది కప్పులోకి వస్తుంది. కొత్త నూనె లేత ఎరుపుగా ఉంటే పాతది బూడిద రంగులో, ఒక్కోసారి నల్లగా వస్తుంది. ఈ దశలో లివర్ నొక్కకూడదు. బుడగలు ఆగాక నిపుల్ మూసి, కప్పులోని మురికి నూనెను తీసేసి కొత్తది పోయండి. ఆ తరువాత సిరంజి బదులు పైపు చివర ఒక చిన్న సంచి కట్టి, నిపుల్ తెరిచి, నూనెను దాని బరువుకే కిందికి జారనివ్వండి. క్యాలిపర్‌లో మిగిలిన బుడగలు పైపులో కనిపిస్తూ దిగిపోతాయి. కప్పు ఖాళీ అయితే మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి కనుక ఒక కన్ను దాని మీద ఉండాలి. చివరగా నిపుల్ మూసి, లివర్ నొక్కి పట్టుకుని, నిపుల్‌ను అర సెకను పాటు తెరిచి మూయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే మొండిగా అంటుకున్న బుడగలు కూడా ఒక్క ఉదుటున వచ్చేస్తాయి.

నిపుల్ బిగింపు 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు. టార్క్ స్పానర్ లేనివారు చిన్న స్పానర్‌ను మధ్యలో పట్టుకుని రెండు వేళ్ల బలంతో బిగిస్తే చాలు. పై స్క్రూకు అంత కూడా అక్కరలేదు, 0.3 నుంచి 0.5 న్యూటన్ మీటర్లు మాత్రమే. మోటార్ బోల్టు బిగించినట్లు బిగిస్తే మర పోతుంది. కప్పు తీశాక రంధ్రం అంచు దాకా నూనె నిలిచి ఉండాలి. స్క్రూ పెడుతున్నప్పుడు కొద్దిగా నూనె పొర్లితేనే లోపల గాలికి చోటు లేనట్లు. పొర్లినదంతా తుడిచి, క్యాలిపర్‌ను ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, చేతులు సబ్బుతో కడుక్కున్న తరువాతే ప్యాడ్లను ముట్టుకోండి. చక్రం బిగించాక లివర్‌ను గట్టిగా నొక్కి పట్టి నిపుల్ దగ్గర, పైపు కీళ్ల దగ్గర తడి కనిపిస్తున్నదేమో చూసి, ఇంటి ముందు నెమ్మదిగా తొక్కి పరీక్షించండి. ఆ తరువాతే గుట్ట.

టెక్ట్రో, మగురా, స్రామ్ బ్రేకుల స్క్రూలు, సిరంజి పెట్టే తీరు వేరు కనుక పైన రాసిన క్రమం వాటికి యథాతథంగా సరిపోదు. ఆయా కంపెనీల పుస్తకం చూసి చేయాలి.

ప్రశ్న: మీలాంటి వారు చెప్పినట్లే ఇంట్లో బ్లీడింగ్ చేశాను. బ్రేక్ అద్భుతంగా పడుతున్నది. కాని పొద్దున వదులుగా తిరిగే చక్రం మధ్యాహ్నం ఎండలో పట్టుకుంటున్నది. సాయంత్రం మళ్లీ మామూలే. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: నూనె ఎక్కువైంది. మీరు పిస్టన్లను పూర్తిగా లోపలికి నెట్టకుండా, అరిగిన ప్యాడ్లు ఉండగానే నూనె నింపి ఉంటారు. ప్యాడ్లు అరిగిన కొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, వాటి వెనుక ఏర్పడిన ఖాళీని లివర్ గదిలోని నూనె నింపుతుంది. ఆ స్థితిలో గదిని మళ్లీ అంచు దాకా నింపితే, వేడికి వ్యాకోచించిన నూనె పోవడానికి చోటు ఉండదు; అది పిస్టన్లనే తోస్తుంది. మన వైపు వేసవిలో 45 డిగ్రీల దాకా పోయే ఎండలో నిలిపిన సైకిల్‌కు ఇది జరగడంలో వింత లేదు. కొత్త ప్యాడ్లు వేయబోతే డిస్క్ దూరదు కూడా.

చక్రం, ప్యాడ్లు తీసి, పైన కప్పు బిగించి, పిస్టన్లను నిదానంగా పూర్తిగా లోపలికి నెట్టండి. ఎక్కువైన నూనె కప్పులోకి వచ్చేస్తుంది. కప్పు లేకుండా, స్క్రూ బిగించి ఉండగా బలవంతంగా నెట్టవద్దు, లివర్ లోపలి రబ్బరు తిత్తి చిరిగే ప్రమాదముంది. పిస్టన్లు పూర్తిగా లోపల ఉన్నప్పుడు నింపినదే సరైన మట్టం.

ప్రశ్న: నా సైకిల్‌కు రెండు వైపులా డిస్క్ బ్రేకులు ఉన్నాయి. కొని చాలా కాలమైనా ఒక్కసారి కూడా ఆయిల్ మార్చలేదు. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: క్యాలిపర్ దగ్గర చూడండి. లివర్ నొక్కినప్పుడు ఉక్కు తీగ లాగబడి, ఒక చిన్న చేయి కదులుతుంటే అది కేబుల్ డిస్క్ బ్రేక్. తక్కువ ధరకు వచ్చే సైకిళ్లలో చాలా వాటికి ఇదే ఉంటుంది. దానిలో ఆయిల్ ఉండదు, మార్చే పనీ లేదు. తీగ బిగువు, ప్యాడ్ల దూరం సరిచేసుకుంటే చాలు. తీగ కనిపించక, మందమైన నల్ల పైపు నేరుగా క్యాలిపర్‌లోకి పోతేనే హైడ్రాలిక్.

ప్రశ్న: షిమానో నూనె మా ఊళ్లో దొరకదు, తెప్పించుకుంటే ఖర్చు ఎక్కువ. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ కూడా మినరల్ ఆయిలే కదా, అది పోయవచ్చా? కొందరు బేబీ ఆయిల్ కూడా పోస్తున్నారట.
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: పేరు ఒకటే, పని వేరు. బ్రేక్ నూనెకు ఉండవలసిన పలుచదనం, వేడిని తట్టుకునే గుణం, సీళ్లను కాపాడే కలుపుళ్లు మందు కోసం చేసిన నూనెలో ఉండవు. లిక్విడ్ పారాఫిన్ చిక్కగా ఉంటుంది కనుక సన్నని రంధ్రం గుండా తిరిగి రావడానికి సమయం తీసుకుంటుంది, లివర్ మందంగా తయారవుతుంది. బేబీ ఆయిల్‌లో సువాసన ద్రవ్యాలు కూడా ఉంటాయి. వెంటనే ఏమీ కాలేదని పోసినవారు చెప్పే మాట నిజమే కావచ్చు. కాని అచ్చంపేట వైపు తొక్కేవారికి నల్లమల వాలులు పక్కనే ఉన్నాయి. అక్కడ బ్రేక్ మీద ప్రయోగాలు చేయడం నాకు నచ్చదు. నలుగురు కలిసి ఒక పెద్ద సీసా తెప్పించుకుని పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది. మినరల్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకోదు కాబట్టి మూత బిగించి దుమ్ము పడకుండా ఉంచితే చాలా కాలం నిలవ ఉంటుంది. డాట్ సీసా అలా కాదు, మూత తెరిచాక నిలవ పెట్టకూడదు.

ప్రశ్న: దోమలపెంట దాటాక పాతాళగంగ వైపు ఘాట్ దిగుతుండగా నా స్రామ్ బ్రేక్ ఒక్కసారిగా మెత్తబడింది. భయపడి ఆపి, అరగంట కూర్చున్నాను. తరువాత మామూలుగా పనిచేసింది. ఇప్పుడు బాగానే ఉన్నది కనుక వదిలేయవచ్చా? అందులో ఉన్నది డాట్ 5.1, కొన్న నాటి నుంచి మార్చలేదు.
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: ఆగడం మంచి పని. వదిలేయడం మాత్రం సరికాదు. మీ బ్రేకులో నూనె మరిగింది. డాట్ ద్రవం గాలిలోని తేమను కొద్దికొద్దిగా పీల్చుకుంటూ ఉంటుంది. కొత్త డాట్ 5.1 కనీసం 260 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం; 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ కనీసం 180 డిగ్రీలకు దిగుతుంది. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. పొడవైన వాలులో బ్రేకును వదలకుండా నొక్కి పట్టుకుంటే డిస్క్ వేడి ప్యాడ్ల మీదుగా పిస్టన్లకు, వాటి నుంచి నూనెకు ఎక్కుతుంది. అక్కడ మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి గాలిలాగే కుదించుకుపోతుంది, లివర్ గ్రిప్‌కు తగులుతుంది. చల్లబడగానే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది కనుక అంతా బాగున్నట్లే కనిపిస్తుంది. ఎయిర్ తీయడం ఒక్కటే సరిపోదు, పాత ద్రవం మొత్తం పోయేదాకా కొత్తది ఎక్కించాలి.

డాట్ ద్రవం రంగును తినేస్తుంది, చర్మాన్ని మండిస్తుంది. చేతి తొడుగులు వేసుకుని, పక్కన మగ్గులో నీళ్లు పెట్టుకుని, ఫ్రేము మీద పడిన చుక్కను వెంటనే కడిగేయండి. సిలికాన్‌తో చేసిన డాట్ 5 అనే వేరే ద్రవమున్నది; అంకె దగ్గరగా ఉన్నదని దాన్ని పోయకూడదు. ఘాట్ దిగేటప్పుడు ఒకే బ్రేకును నొక్కి పట్టకుండా, రెండింటినీ మలుపుకు ముందు గట్టిగా నొక్కి, తిన్నని చోట పూర్తిగా వదిలి, డిస్కులకు గాలి తగలనివ్వండి.

ప్రశ్న: బ్లీడింగ్ చేస్తుంటే ప్యాడ్ల మీద నూనె పడింది. బ్రేక్ వేస్తే వీధి చివరి దాకా వినిపించేలా కీచుమంటున్నది, ఆగడం లేదు. ప్యాడ్లను గ్యాస్ పొయ్యి మీద కాలిస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు.
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: రెసిన్ ప్యాడ్లను కాలిస్తే నూనెతో పాటు పదార్థాన్ని పట్టి ఉంచే జిగురు కూడా దెబ్బతింటుంది. పైపైన గీకడం వల్ల రెండు మూడు రోజులు బాగుంటుంది, లోపల ఇంకిన నూనె వేడికి మళ్లీ బయటకు వస్తుంది. కొత్త ప్యాడ్లు వేయండి. వేసే ముందు డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మాటిమాటికి గుడ్డ మడత మారుస్తూ, మరక రాకుండా పోయేదాకా తుడవండి. లేకపోతే కొత్త ప్యాడ్లకూ అదే గతి. అదే సమయంలో డిస్క్ మందం కూడా చూసుకోండి. షిమానో డిస్క్ కొత్తది 1.8 మిల్లీమీటర్లు, 1.5కు వస్తే మార్చాలి. ప్యాడ్ పదార్థం 0.5 మిల్లీమీటర్లకు అరిగితే మార్చాలి. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద ఓ మాదిరి వేగం అందుకుని, పూర్తిగా ఆగకుండా, నడక వేగానికి తగ్గేలా బ్రేక్ వేయడం ఇరవై సార్లు చేయండి. మొదటి నాలుగైదు సార్లు పట్టు అంతగా ఉండదు, తరువాత క్రమంగా వస్తుంది.

ప్రశ్న: ఎన్నాళ్లకోసారి నూనె మార్చాలి? తీసిన పాత నూనెను ఏం చేయాలి?
– ఇద్దరు పాఠకులు, మిర్యాలగూడ, షాద్‌నగర్

జవాబు: డాట్ అయితే ఏడాదికోసారి, వానాకాలం ముగిశాక మార్చుకోవడం మంచిది. మినరల్ ఆయిల్‌కు అంత కచ్చితమైన గడువు అక్కరలేదు. లివర్ మెత్తబడినప్పుడు, లేదా పై స్క్రూ తీసి చూస్తే నూనె నల్లబడి ఉన్నప్పుడు మార్చండి. బాగా పనిచేస్తున్న బ్రేకును ఊరికే విప్పవద్దు. పాత నూనెను మోరీలోనో, చెట్టు మొదట్లోనో పోయకుండా సీసాలో పట్టి, ఇంజిన్ ఆయిల్ మార్చే మెకానిక్ షెడ్డులో ఇవ్వండి, వారి దగ్గర పాత ఆయిల్ డబ్బా ఉంటుంది. డాట్‌ను, మినరల్ ఆయిల్‌ను ఒకే సీసాలో కలపకుండా పైన పేరు రాసి ఇవ్వండి.